మిగిల్చిన ఏడాది

1977 నవంబర్ 20, ఆదివారం. జనక్‌పురి, ఢిల్లీ

నీళ్లు ఐదూ నలభైకి వచ్చి ఏడూ అయిదుకి ఆగాయి. పాల బూత్ తెరవడం పన్నెండు నిమిషాలు ఆలస్యం.

కస్తూరి నన్ను కూర్చోబెట్టి బొమ్మ వేసింది. రెండు గంటల పది నిమిషాలు. కదలొద్దు నాయనమ్మా అని మూడుసార్లు అంది. ముప్ఫై మూడేళ్లు పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టిన హెడ్మిస్ట్రెస్‌ని. నాకు చెబుతోంది. పూర్తయ్యాక చూస్తే మూతి బిగించుకున్న ఎవరో ముసలమ్మ. నా మూతి అలా ఉండదన్నాను. వంటింట్లోంచి కోడలు గౌరి నవ్వింది. అమ్మ నవ్విందంటే బొమ్మ సరిగ్గా కుదిరినట్టే అంది నా మనవరాలు.

ఒక్కటి మెచ్చుకోవాలి. కాగితం ముందు పెట్టుకోగానే మూలన తారీఖు వేస్తుంది. ఆ తర్వాతే మొదటి గీత. అది నేను పెట్టిన అలవాటు. తారీఖు లేని కాగితం చిత్తుకాగితం అని పలక పట్టినప్పటినుంచీ చెప్పాను.

లెక్కల్లో తొంభై ఆరు తెచ్చుకున్న పిల్ల. బి.ఎస్సీ. చదవమన్నాను. ఐదేళ్లు ఆర్ట్ కాలేజీలో చేసింది. రెండేళ్లుగా మా గదినిండా టర్పెంటైన్ వాసన. మా అబ్బాయి శేషగిరి కృషి భవన్‌లో సెక్షన్ ఆఫీసరు. అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే టాపిక్ మారుస్తాడు.

1978 జనవరి 24, మంగళవారం

కస్తూరి స్కాలర్‌షిప్‌కి సెలెక్ట్ అయింది. దేశం మొత్తంలో ఎనిమిది మంది. బరోడాలో రెండేళ్లు, పని చేసుకోవడానికి స్టూడియో, నేర్పడానికి పేరున్నవాళ్లు. ఇంటర్వ్యూలో ఒకాయన నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడి ఈవిడెవరు అని అడిగాడట. మా హెడ్మిస్ట్రెస్, ఇంటికీ బడికీ కూడా, అని చెప్పిందట.

శేషగిరి మిఠాయి తెచ్చాడు. పక్క ఫ్లాట్ వాళ్లకి తనే వెళ్లి చెప్పాడు. నేను అర ముక్క తిన్నాను. షుగర్ ఉంది కనక అర.

ఫిబ్రవరి 10, శుక్రవారం

రిజిస్టర్డ్ ఉత్తరం. జనవరి ఒకటికి ఇరవై ఐదేళ్లు నిండకూడదట. కస్తూరికి నిండలేదు. పుట్టింది 1953 అక్టోబర్ 9. కానీ ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్‌లో 1952 ఉంది. ఆ లెక్కన ఇరవై ఐదేళ్ల రెండు నెలల ఇరవై మూడు రోజులు.

మార్చి 15 సాయంత్రం ఐదులోగా రెండు కాగితాలు ఇస్తే పరిశీలిస్తారట. మునిసిపాలిటీ నుంచి పుట్టిన తేదీ నకలు. బడిలో చేర్చుకున్న ప్రధానోపాధ్యాయురాలు తప్పు ఎలా జరిగిందో వివరిస్తూ రాసిచ్చే వాంగ్మూలం.

అది కొవ్వూరులో మా బడి గుమాస్తా హనుమయ్య పొరపాటని ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా తెలుసు. ఇంతేనా, ప్రధానోపాధ్యాయురాలు మన ఇంట్లోనే ఉప్మా తింటోంది కదా, అంది కస్తూరి. హనుమయ్య చేత కూడా ఒప్పుకుంటూ రాయిస్తే ఇంకా గట్టిగా ఉంటుందన్నాడు శేషగిరి. ఆఫీసు బుద్ధి. కొవ్వూరుకి ఇవాళే ఉత్తరం వేశాడు.

నేను ఉప్మా పూర్తిగా తిన్నాను.

ఫిబ్రవరి 12, ఆదివారం

ఈ పుస్తకంలో అబద్ధం రాయను.

1958 జూన్ 16. కస్తూరికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఒకటో తరగతికి ఐదు నిండాలి. శేషగిరి కొత్తగా ఢిల్లీలో ఉద్యోగంలో చేరి, ఇల్లు దొరక్క పిల్లని నా దగ్గర వదిలాడు. పిల్లకి అక్షరాలన్నీ వచ్చు, ఎక్కాలు పదహారు దాకా వచ్చు. ఏడాది ఊరికే పోతుందని, అడ్మిషన్ రిజిస్టరులో నా చేత్తో 1952 వేశాను. ఏడాది మిగిల్చాననుకున్నాను.

ఆ రోజుల్లో ఇంటింటా జరిగిందే. నేను చేయడమే వింత. అంతకు రెండేళ్ల ముందు మా తెలుగు మాస్టారు కనకయ్య తన కూతురి వయసుకి ఆరు నెలలు కలిపి రాయించాడు. పైకి రిపోర్టు చేశాను. ఇంక్రిమెంటు పోయింది. వర్షంలో మా గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రిజిస్టరు రిజిస్టరే మాస్టారూ అని తలుపు వేసుకున్నాను. ఆ మాట కొవ్వూరులో చాలా ఏళ్లు చెప్పుకున్నారు. నా ముందే చెప్పుకునేవారు. వింటూ కూర్చునేదాన్ని.

గుమాస్తా పొరపాటు అన్న మాట మొదట ఎవరన్నారో గుర్తులేదు.

అబద్ధం రాయనన్నాను. నేనే అన్నాను.

ఫిబ్రవరి 25, శనివారం

మునిసిపాలిటీ నకలు వచ్చింది. 1953. అదొక్కటీ చాలదు.

కస్తూరి స్టాంపు పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. హనుమయ్య ఏం రాస్తాడో చూసి దానికి తగ్గట్టు రాస్తానన్నాను.

మార్చి 2, గురువారం

పోస్టు పదకొండున్నరకి. కొవ్వూరు నుంచి నా పేర కార్డు. ఇంట్లో ఎవరూ లేరు.

అమ్మగారి పాదాలకు నమస్కారాలు అని మొదలు. శేషగిరి బాబుగారు తప్పు నాదని రాయమన్నారు, అమ్మగారి కోసం అదీ రాద్దును, కానీ బడికి వెళ్లి రిజిస్టరు తీయించి చూశాను, ఆ వరస తమరి దస్తూరీ, ఆ పుస్తకం తమరు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారా, నేను రాశానంటే ఊరు నవ్వదా అంటాడు. తమరు ఒక్క ముక్క నిజం రాసి పంపితే ఇప్పటి హెడ్మిస్ట్రెస్‌గారు ఆ పేజీ నకలు సంతకం చేసి మర్నాడే పంపుతారట. చిన్నమ్మగారు బాగా బొమ్మలు వేస్తున్నారని విని సంతోషం అట.

అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగా రాస్తాడు.

కార్డు ఈ డైరీలో పెట్టాను.

మార్చి 3, శుక్రవారం

డైరీ బల్లకి ఎడమవైపు పెడతాను. ఇవాళ కుడివైపు ఉంది. గౌరి దుమ్ము దులిపి ఉంటుంది.

సాయంత్రం కస్తూరి నా మంచం మీద కూర్చుని, కొవ్వూరు నుంచి ఏమైనా వచ్చిందా అంది. లేదన్నాను. అచ్ఛా అంది. కాళ్లు నొక్కనా అంది. ఎన్నడూ లేనిది. వద్దన్నాను.

మార్చి 7, మంగళవారం

మళ్లీ అడిగింది. లేదన్నాను.

చిన్నప్పుడు నేను అబద్ధమాడితే ఏం చేసేదానివో గుర్తుందా అంది. నిజం చెప్పేదాకా అన్నం పెట్టేదాన్ని కాదన్నాను. అన్నం పెట్టేదానివి నాయనమ్మా, అడిగేదానివి కాదు, నా అంతట నేనే చెప్పాలని చూస్తూ ఉండేదానివి, ఆ చూపుకి అన్నం దిగేది కాదు, అంది.

పొద్దుపోయింది, పని చూసుకోమన్నాను.

మార్చి 11, శనివారం

హనుమయ్య సంగతి వదిలేయండి, మీరు రాసిచ్చేయండి అత్తయ్యగారూ అంటోంది గౌరి. గుమాస్తా తప్పని రాస్తే, రిజిస్టరు నకలు వచ్చినప్పుడు నా దస్తూరీ బయటపడుతుంది. నా తప్పని రాస్తే, దాన్ని ముందు హనుమయ్య చదువుతాడు, తర్వాత బడి, తర్వాత కనకయ్య. బతికే ఉన్నాడు. అదే వీధిలో ఉన్నాడు. పెన్షన్ ఆపుతారేమో అని కూడా అనుకుని చూశాను. ఆపరని నాకు తెలుసు.

స్టాంపు పేపరు ముందు గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తారీఖు వేశాను.

మార్చి 15, బుధవారం

తల తిరుగుతోందని పడుకున్నాను. డాక్టరు వచ్చి బి.పి. చూశాడు. మామూలుగానే ఉందట.

ఐదు దాటింది. శేషగిరి హనుమయ్యని తిట్టాడు. కార్డు ముక్క రాయడానికి చేతులు పడిపోయాయా వెధవకి అన్నాడు. కస్తూరి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగేదాకా పక్కనే నిలబడింది. తాగాను. గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 16

నీళ్లు ఐదూ యాభై నుంచి ఆరూ నలభై ఐదు.

జూలై 9, ఆదివారం

కస్తూరి ఎగ్జిబిషన్లకి బోర్డులు వేయించే కాంట్రాక్టరు దగ్గర చేరింది. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు పదడుగుల అట్ట మీద పెద్దవిగా గీసి, గడి తర్వాత గడి ఎక్కిస్తారట. ట్రాక్టరు, గోధుమ కంకులు, ఇద్దరు పిల్లల నవ్వుతున్న కుటుంబం. ఈ వారం తొమ్మిది ఆవులు. కింద పేరు వేయనిస్తారా అని అడిగాను. ఆవు కింద ఎవరి పేరు వేస్తారు నాయనమ్మా, ఆవుదే, అంది.

సొంతంగా ఏమీ వేయడం లేదు. గదిలో టర్పెంటైన్ వాసన పోయింది.

1979 ఆగస్టు 4, శనివారం

కస్తూరి మునిర్కాలో గది తీసుకుని వెళ్లిపోయింది. పెళ్లి చూపులకి వచ్చినవాళ్ల ముందు, కాగితం మీద నా వయసు వేరు, నిజం వయసు వేరు, మీకేది కావాలి అని అడిగిందట. శేషగిరి కేకలేశాడు. సూట్‌కేసు సర్దుకుంది.

ఇవాళ్టికి పదకొండు రోజులు. చూడటానికి రాలేదు. నా బడిలో హాజరుకి గీత, రానివాళ్లకి సున్న. వరసగా పది సున్నలు పడితే ఆ పిల్ల పేరు కొట్టేసేదాన్ని. తల్లులు వచ్చి ఏడ్చినా సరే.

1982 అక్టోబర్ 9, శనివారం

నిజం లెక్కన ఇరవై తొమ్మిది. కాగితం లెక్కన ముప్ఫై.

ఏషియాడ్ కోసం నగరమంతా రంగులేస్తున్నారు. ఆటల గుర్తు ఏనుగు. కస్తూరి వేసినవి ఇప్పటికి నూట నలభై రెండు ఏనుగులట. గౌరి పాయసం డబ్బాలో పోసి తీసుకెళ్లింది. చేతులు మోచేతులదాకా నీలం రంగు, సన్నబడింది, నవ్వుతూనే ఉంది అని చెప్పింది. అదృష్టం బాగుంటే ఎక్కడ ఉండాల్సిన పిల్ల అంది గౌరి. హనుమయ్యని మళ్లీ తిట్టింది. ఆయన పోయి మూడేళ్లయింది.

పాయసం డబ్బా కడిగి బోర్లించాను.

1986 నవంబర్ 22, శనివారం

మండీ హౌస్ దగ్గర గ్యాలరీలో కస్తూరి మొదటి సోలో షో. ముప్ఫై మూడేళ్లకి. తనతో స్కాలర్‌షిప్‌కి ఎంపికైనవాళ్లలో ఒకతను ఈ షో ప్రారంభించాడు. పెద్ద కారులో వచ్చాడు. ఇరవై నిమిషాలు ఉన్నాడు.

కేటలాగులో కస్తూరి, జననం 1952 అని అచ్చయింది. పిలిచి చూపించాను. తప్పు పడింది, దిద్దించు, అన్నాను. నువ్వు రాసిందే కదా నాయనమ్మా అంది. మెల్లగా అంది. ఎవరో పిలిస్తే వెళ్లింది.

ఇరవై ఆరు బొమ్మలు. ఆవుల బోర్డు గళ్ళలో ఇరుక్కున్న మనుషులు, తొండం లేని ఏనుగులు. పదిహేడోది పెన్సిలు బొమ్మ, చిన్నది, పోస్టుకార్డంత. బొమ్మా పోస్టుకార్డుదే. గుండ్రటి అక్షరాలు, కొవ్వూరు ముద్ర, మడత పడిన మూల. ఒక్క పొల్లు తప్పలేదు. హిందీవాళ్లు లిపి ఎంత అందంగా ఉందో అనుకుంటూ పోతున్నారు. ఓల్డ్ రాజిందర్ నగర్ నుంచి వచ్చిన ఒక తెలుగు కుర్రవాడు పైకి చదివాడు, మొదటినుంచి చివరిదాకా. ఎవరండీ ఈ అమ్మగారు అని నన్నే అడిగాడు.

తెలియదన్నాను.

శేషగిరి చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆటోలో ఇంటిదాకా డ్రైవరు వీపు చూస్తూ కూర్చున్నాడు.

బొమ్మ మూలన తారీఖు ఉంది. 3-3-78.

నవంబర్ 23, ఆదివారం

నీళ్లు చూడలేదు.

డెబ్భై ఎనిమిది డైరీ తీశాను. కార్డు పెట్టినచోటే ఉంది. ఎనిమిదేళ్లలో తిప్పి చూసింది ఇవాళే. అడ్రసు వైపు కింద అంచున పెన్సిలుతో సన్నటి గళ్ళు. నా హాజరు పట్టీలోలాగే. గడికొక సున్న.

పన్నెండు. మార్చి 4 నుంచి 15 దాకా, రోజుకొకటి.

నేను పదికే కొట్టేసేదాన్ని.