ఫోనుకు రాని అక్షరం

బిష్కెక్,
ఏప్రిల్ చివరి వారం

ప్రియమైన తంగ్సులూ అక్కకు,

నీ చెల్లి ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, ఊళ్లో అమ్మానాన్నలూ బాగున్నాం. ఎండలు రాగానే అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నాన్న ఆపిల్ చెట్ల మొదళ్లకు సున్నం వేస్తున్నాడు. ఓష్‌లో నువ్వూ, నీ మసాజ్ బల్ల మీద పడి మూలిగేవాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పన్ను పీకించుకున్నాను, ఏడవలేదు. టీ, రొట్టెతో కడుపు నింపుకోవడం మానేశాను. హాస్టల్లో నేనూ జీబెక్ వంతులేసుకుని వండుకుంటున్నాం. ఆ ఉంగరాల జుట్టు అబ్బాయి ఇప్పుడు జీబెక్ వెంట తిరుగుతున్నాడు కాబట్టి నీ బెంగ తీరింది. ఇక, "ఫోన్లో ఆ చదివేదాన్ని అప్‌డేట్ చేసుకోమని ఎందుకు నా ప్రాణం తీశావు?" అన్నావు. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

చలికాలంలో మా కుబాత్ మాస్టారు, ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వెతుక్కుని అందులో పనికొచ్చే పని చేయాలన్నారు. అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచిపెట్టిన ప్రోగ్రాములన్నమాట. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపొచ్చు, బాగుంటే వాళ్లు కలుపుకుంటారు. మావాళ్లంతా పేరున్న పెద్దవాటి మీద పడ్డారు. నేనూ పడ్డాను. సంతలో తప్పిపోయినట్టయింది నా పని. కొత్తవాళ్ల కోసం పెట్టిన తేలిక పనులు నేను చదివి అర్థం చేసుకునేలోపే ఎవరో ఎత్తుకుపోయేవారు. చివరికి సూచనల్లో ఒక అక్షరదోషం దిద్ది పంపితే, అది నిన్ననే ఎవరో దిద్దేశారని మర్యాదగా తిప్పి పంపారు. ఈ చదువు నాకు తగదేమోనని కూడా అనిపించింది అక్కా. నీకు చెప్తే బస్సెక్కి వచ్చేస్తావని చెప్పలేదు.

ఒకరోజు వంట చేస్తూ జీబెక్ అడిగింది, "పేరున్నవాటి సంగతి వదిలేయ్. నువ్వు రోజూ వాడుతూ రోజూ తిట్టుకునేది ఏదీ లేదా?"

"నేను తిట్టుకోను. మా అక్క తిడుతుంది," అన్నాను.

అన్నాక గరిటె పక్కన పడేసి ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం.

నేను రాసినవన్నీ నీకు ఫోనే కదా చదివి వినిపించేది. ముక్కుతో పలికే మన కిర్గిజ్ అక్షరం దానికి వచ్చేది కాదు. ఆ ఒక్క అక్షరం తప్పితే మన 'కొత్త' కాస్తా 'ప్రాణం' అవుతుంది కదా. అందుకే "కొత్త బూట్లు కొన్నాను" అని రాస్తే "ప్రాణం బూట్లు కొన్నాను" అని చదివేది. నీ పేరునైతే తన్సులూ చేసి పెట్టింది. వెతికితే అదీ తెరిచిపెట్టిన ప్రోగ్రామే. ఈసారి తొందరపడలేదు. అక్కడ అడిగినవాళ్లకు ఎవరైనా బదులిస్తున్నారా, కొత్తవాళ్లను విసుక్కుంటున్నారా అని ముందు చూశాను. ఓపిగ్గా బదులిస్తున్నారు. ఈ అక్షరం గురించే తలాస్ నుంచి ఒకాయన ఎప్పుడో మొరపెట్టుకున్నాడు. మన భాష తెలిసినవాళ్లు లేక అది అలాగే పడి ఉంది.

దాన్ని నడిపేది తిబిలీసిలో వాఖ్తాంగ్ అనే పెద్దాయన. నేను దిద్ది పంపిన మొదటిది ఘోరంగా తప్పింది. ఆ అక్షరం పలికింది గానీ, దాంతోపాటు మామూలు 'న' కూడా ముక్కులోకి పోయింది. నాన్ రొట్టె కాస్తా నాంగ్ అయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం, ఎక్కడ తప్పానో చూపించి, తనకు మన భాష ఒక్క ముక్క రాదనీ, సరైన పలుకు ఎవరైనా మాట్లాడింది పంపితే పోల్చుకుంటాననీ రాశాడు. ఆయనకూ నీలాగే చూపు లేదట. కోడ్ అంతా చెవితోనే వింటాడట.

మార్చాను, పంపాను, మళ్లీ మార్చాను. ఒక పొద్దున, తీసుకున్నామని కబురొచ్చింది. హాస్టల్ నడవాలో నేనూ జీబెక్ గంతులేస్తుంటే వార్డెన్ పరుగున వచ్చింది, సంగతి విని తనూ నవ్వింది. క్లాసులో అందరికీ మాంసం కూరి కాల్చిన సంసాలు పంచాను. కుబాత్ మాస్టారు రెండు తిన్నారు. ఇప్పుడు ఈ ఉత్తరం నీకు చదువుతున్నది ఆ దిద్దిన ప్రోగ్రామే. నీ పేరు సరిగ్గా పలికిందా?

ఇక ఇంతసేపూ దాచింది చెప్తాను, కోప్పడకు. సరైన పలుకు పంపమన్నాడు కదా. నా దగ్గర ఉన్నది నువ్వు పంపిన వాయిస్ మెసేజే. గుర్తుందా, నీ ఫోన్ని నువ్వు తిట్టింది? "ప్రాణం బూట్లేమిట్రా మొద్దూ, కొత్త బూట్లు. కొత్త. ముక్కుతో అనిచూడు, కొత్త." అంత స్పష్టంగా ఇంకెవరు పలుకుతారు? నిన్ను అడగకుండా పంపేశాను. అది అక్కడ ఎవరైనా వినొచ్చు. చాలామంది విన్నారు కూడా. నువ్వు తీసేయమంటే ఈరోజే తీయిస్తాను.

ఇదివరకు ఆ ప్రోగ్రాములో మన భాషకు వార్తలు చదివే ఒకాయన గొంతు వాడేవారు, అది పాతబడిందట. వాఖ్తాంగ్ రాశాడు: "ఆ తిడుతున్నావిడ ఎవరు? భాష తెలియకపోయినా ఆమె ఏమంటోందో నాకు అర్థమైంది. కిర్గిజ్ గొంతుగా ఆమె ఒప్పుకుంటారా?"

అక్కా, రేడియోవాళ్లు నీ గొంతు బాగుందంటూనే, కాగితం కళ్లతో చూసి చదవాలని నిన్ను వెనక్కి పంపిన రోజు నాకు గుర్తుంది. ఇంటికొచ్చి నువ్వు పిండి పిసుకుతూ కూర్చున్నావు. ఇక్కడ కళ్ల సంగతి ఎవరూ అడగలేదు. బ్రెయిలీని వేళ్లతో చదివినా చాలన్నారు. తలాస్‌లో ఆ పెద్దమనిషికీ, నరీన్‌లో ఎవరి పిల్లలకో, పాఠాలూ ఉత్తరాలూ నీ గొంతుతో వినిపిస్తాయి.

ఆయనకు ఇంకా ఏ మాటా ఇవ్వలేదు. నీ పేరు కూడా చెప్పలేదు, అక్కని అడగాలన్నాను. శనివారం ఓష్‌కు వస్తున్నాను. అవునన్నా కాదన్నా మెసేజ్ మాత్రం పెట్టకు. నీ నోటితో నువ్వు చెప్తుంటే ఎదురుగా కూర్చుని వింటాను.

ఇట్లు,
నిన్ను అడక్కుండా నీ గొంతు దాటించిన
నీ చెల్లెలు
ఎర్కైయిమ్