కీలు బిగిసేదాకా

పెనుమూడి,
1988 జూన్ 12

నా బంగారుతల్లి సరోజకి,

ఇన్నేళ్లకి నీ ఒడి నిండిందని విన్న రోజునుంచి నా కాలు నేలమీద నిలవడం లేదమ్మా. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరికన్నా నా గొంతే పైకి లేస్తోందట. పాస్టరుగారు, "ఆశీర్వాదం తాతా, కాస్త మాక్కూడా చోటివ్వండి" అని నవ్వుతున్నారు.

అలాంటి నాకు నీ ఉత్తరం అన్నం సయించకుండా చేసింది. బుజ్జిదాని ఎడమ తుంటి కీలు జారుతోందని, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉన్నాయని తెనాలి డాక్టరమ్మ చెప్పారని రాశావు. కాళ్లు మడిచి బెల్టులు కట్టారన్నావు. అంతవరకూ ఓర్చుకున్నాను. "బెల్టులు తీసేదాకా పెనుమూడి తీసుకురాను, మీరూ బాపట్ల రావద్దు. చూసినవాళ్లు తల్లి నడకే వచ్చిందంటారు" అన్నావే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. నువ్వు ఒక పక్కకి ఒరిగి నడిచి వస్తుంటే వీధి మలుపులోనే నా బిడ్డని గుర్తుపట్టేవాణ్ణి. ఆ నడక నాకెంత ఇష్టమో నీకెప్పుడూ చెప్పలేదు.

బిడ్డని చుట్టడానికని మీ అమ్మ పాత చీరలు ఉతికి మడతపెట్టింది. ఊళ్లో పిల్లలందరికీ నీళ్లు పోసే రంగమ్మ రోజూ అడుగుతోంది. "వదులుగా ఉంటే నూనె రాసి, కాళ్లు సాగదీసి, గుడ్డలో బిగించి చుట్టనా బాబాయ్?" అంటోంది. నాకూ అదే న్యాయంగా తోచింది. నులకమంచం కుంగితే కాళ్లవైపు దావన తాడు లాగి బిగిస్తాం కదా! మడిచి ఉంచితే ఏం బిగుస్తుంది? వచ్చే బుధవారం దాన్ని తెనాలి చూపించడానికి తెస్తావటగా. రేపల్లెలో రైలెక్కి వస్తాను. కోప్పడకు తల్లీ. దాని మొహం చూడాలి.

నీ నాన్న,
ఆశీర్వాదం


బాపట్ల,
1988 జూన్ 20

సుగుణా,

ఇక్కడ నేనున్న సంతోషంలో అక్షరాలు కుదురుగా పడటం లేదు, సర్దుకుని చదువు.

తెనాలి ఆసుపత్రి వరండాలో సరోజ నన్ను చూసి మొహం తిప్పుకుంది. బిడ్డని మాత్రం దాచుకోలేదు. అచ్చం నీ ముక్కే! కాళ్లు రెండూ కప్పలాగా మడిచి ఉన్నాయి. చూడలేక, సరిచేద్దామని పాదం పట్టుకున్నాను.

"తాతగారూ, లాగకండి!" అని డాక్టరు మాణిక్యాంబగారు కేకేశారు.

"వదులైనదాన్ని లాగితేనే కదండీ బిగిసేది? మంచానికి దావన లాగమూ?" అన్నాను.

ఆమె నవ్వలేదు. పక్కన కూచోబెట్టి చెప్పారు. "ఇది తాడు కాదండి. చంటిబిడ్డ లిగమెంటు మెత్తగా ఉంటుంది, లాగిన కొద్దీ సాగిపోతుంది. కాళ్లు బార్లా చాపి చుడితే కీలు గుంటలోంచి తప్పుకుంటుంది. ఇలా మడిచి పక్కలకి పెడితే తొడ ఎముక గుండు గుంటలో కూచుంటుంది, లిగమెంటు దానంతటదే ఒదిగి బిగుస్తుంది. అన్నట్టు, మీ ఊళ్లో పిల్లల్ని ఎలా ఎత్తుకుంటారు?"

"చంకనేనండి. కాళ్లు చెరో పక్కా వేసి."

"మెడ నిలబడింది కాబట్టి బెల్టులతోనే అలా ఎత్తుకోండి. ఎంతసేపైనా మంచిదే."

సరోజ నా మొహంలోకి చూసింది. "ఊళ్లోవాళ్లు చూసి నవ్వితే నాన్నా?" అంది.

"నవ్వనీవే. నీ బిడ్డనెత్తుకుని నేనే ముందు నడుస్తా" అన్నాను. అప్పుడిచ్చింది సుగుణా, తనంతట తనే, నా చంకలోకి. అవి ఎంత చిన్న కాళ్లో! నా నడుముకి రెండు పక్కలా అతుక్కున్నాయి.

బెల్టులు తీసేదాకా నేనిక్కడే ఉంటాను. అల్లుడు బడికి, సరోజ వంటకి పోతే దీన్ని మోసేది నేనే. చీరలు తేవద్దు. రంగమ్మకి నెమ్మదిగా నచ్చజెప్పు, అదీ ప్రేమకొద్దీ అన్నమాటే. నాకు రెండు పంచెలు పట్టుకుని వెంటనే బయల్దేరు. సరోజ "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని పొద్దున్నే అడిగింది. నువ్వు లేని సంతోషం సగమే అనిపిస్తోంది. నడుము పీకుతున్నా ఇది నా చంక దిగదు, నేనూ దించను. నువ్వొస్తే ఒక్క పూట ఇస్తాను, అంతే.

నీ,
ఆశీర్వాదం