ముందు తలుపు తాళం

చెల్లీ,

ఇక్కడ అంతా కులాసా అని రాయబోయి ఆగాను. చూపు ఆనక, సూదిలో దారం ఎక్కించలేక కుట్టుపని మానేసినప్పటి నుంచి నాకు మనుషుల్ని చూడబుద్ధి కావడం లేదు. ఎవరూ తలుపు కొట్టకుండా ముందు గుమ్మానికి బయట తాళం పెట్టి, వెనక గుమ్మంలోంచి వచ్చి పడుకుంటున్నాను.

నిన్న కత్తెరక్క వచ్చింది, దర్జీ కొట్లో నాతోపాటు పనిచేస్తూ బట్ట కత్తిరించిన ఆవిడ. తాళం చూసి, నేనొచ్చేదాకా ఉందామని మెట్టు మీద కూర్చుంది. వాన మొదలైనా లేవలేదు. ఆవిడ దగ్గు వింటూ లోపల ఊపిరి బిగబట్టుకున్నాను. చివరికి ఉండబట్టలేక వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి, బజారుకెళ్లానని చెప్పాను. చెప్పుల్లేని నా కాళ్లూ, రేగిన జుట్టూ చూసింది. "తలుపు తియ్యవే, టీ తాగుదాం" అంది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

నువ్విచ్చిన దిండు గలీబుల బట్ట అలాగే ఉంది. ఇంకెవరితోనైనా కుట్టించుకో, ఇన్నాళ్లూ చెప్పడానికి మొహం చెల్లలేదు. చిన్నదాని పరీక్షలయ్యాయా? ఈ సంగతి మరిదిగారికి చెప్పకు. కార్డు కదా, ఆయనే ముందు చదువుతారేమో, చదవనీ. పిల్లలు చల్లగా ఉండాలి.

కత్తెరక్క వెళ్తూ వెళ్తూ ఆ తాళం కప్ప తన సంచిలో వేసుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

మీ అక్క