ఎలా తీసుకెళ్ళారో అలాగే

1983 ఆగస్టు 6, శనివారం

సింగపూర్ ఖాయమైంది. మా పాలిటెక్నిక్ ఫైనలియర్ నుంచి ఆరుగురం. అక్కడి షిప్‌యార్డులో రెండు వారాల ట్రైనింగ్, చివర్లో ఉద్యోగాలిచ్చే వాళ్ళతో ఇంటర్వ్యూలు. ఆడపిల్లని నేనొక్కదాన్నే. సంతోషంగా ఉండాల్సిన రోజు. ఒళ్ళు మండిపోతోంది.

మాతో వచ్చే లెక్చరర్ భీమశంకరరావుగారిని నాన్న జ్ఞానాపురంలో మా ఇంటికి పిలిచాడు. అమ్మ టీ ఇచ్చింది. నాన్న ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నా జయమణిని ఎలా తీస్కెల్తన్నారో అలాగే తెచ్చి అప్పజెప్పీయండి సార్, అన్నాడు. పోర్టులో క్రేన్ మీద కూచుని కింద వాళ్ళందరి మీదా కేకలేసే మనిషి. కళ్ళనిండా నీళ్ళు! నీ పిల్ల నా పిల్ల కాదేటి జోజీ, అని సారు మాటిచ్చారు.

నేనేమైనా పెళ్ళికి అరువిచ్చిన ఇత్తడి గుండిగనా, సొట్ట పడకుండా తిరిగివ్వడానికి? మా క్లాసు శ్రీరామ్మూర్తీ వస్తున్నాడు. వాళ్ళ నాన్న ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఆగస్టు 22, సింగపూర్

యార్డు ఎంత బాగుందో. హెల్మెట్ పెద్దదైంది. జడ చుట్టి లోపల కుక్కేశాను, సరిపోయింది.

ఆగస్టు 25

అబ్బాయిలు సినిమాకి వెళ్ళారు. నేను గదిలో ఉన్నాను. సారు వరండాలో కుర్చీ వేసుకుని కాపలా. మాటిచ్చారుగా మరి.

సెప్టెంబర్ 2

ఇంటర్వ్యూ అయింది. పైపింగ్ డ్రాయింగ్ నా ముందు పరిచి, ఇంజన్ రూమ్‌లో ఈ లైను ఎటు తిప్పుతావు అన్నారు. గీసి చూపించాను. మేనేజర్ ముసలాయన. కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఏడాది ట్రెయినీగా తీసుకుంటాం, హాస్టల్ మాదే, తర్వాత ఉద్యోగం, అన్నాడు. రేపు మీ సార్‌తో మాట్లాడి ఖాయం చేస్తానన్నాడు. థాంక్యూ సర్ అని మాత్రం అనగలిగాను. ప్రభువా, నాకు ఉద్యోగం!

సెప్టెంబర్ 3

సారు వద్దని చెప్పేశారట. నన్ను అడక్కుండా.

సెప్టెంబర్ 4, ఆదివారం

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

ఆఫీసు మూసేశాక, సారు నింపాదిగా కాఫీ తాగుతూ చెప్పారు. మీ నాన్నకి మాటిచ్చానమ్మా, నిన్నిక్కడ వదిలేసి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను, అన్నారు. పైగా సీటు వృథా కాకుండా శ్రీరామ్మూర్తికి ఇప్పించారట. నా సీటు! ప్లేట్లో ఇడ్లీ మిగిలితే పక్కవాడికి వడ్డించినట్టు.

పొద్దున్నే యార్డుకి పరుగెత్తాను. సెలవు. గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. రేపు తెల్లారేసరికి విమానం.

సారు చెడ్డవారు కారు. అందుకే ఇంకా కోపం. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

సెప్టెంబర్ 7, విశాఖపట్నం

నాన్న స్టేషన్‌కి వచ్చాడు. సారు నన్నూ నా పెట్టెనీ నాన్న ముందు నిలబెట్టి, ఇదిగో జోజీ, మాట నిలబెట్టుకున్నాను, అన్నారు. నాన్న దండం పెట్టాడు. దండం!

ఇంటికొచ్చి మొత్తం చెప్పాను. చెప్పడమేంటి, వీధంతా వినేలా అరిచాను. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న తెల్లబోయాడు. నాను జాగర్తగా సూడమన్నాను గానీ ఉద్యోగం ఒద్దనమన్నానేటి, అన్నాడు. నాకేం కావాలో నన్నెవరైనా అడిగితేగా, నువ్వు మాత్రం అడిగావా, అన్నాను. నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. లేవనీ.

సెప్టెంబర్ 8

నాన్న చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని నన్ను సారింటికి తీసుకెళ్ళాడు. మీరు అప్పజెప్పీసినారు, మీ మాట తీరిపోనాది సార్, ఇప్పుడు నా పిల్లని నానే పంపుతన్నాను, ఆ దొరకి కబురెట్టండి, అన్నాడు. ఆ క్షణం నాన్న మీద కోపం పోయింది.

సారు బట్టతల తడుముకున్నారు. ఇంకేటుంది జోజీ, శ్రీరామ్మూర్తి పేరు ఖాయమైపోయింది, ఒక్క సీటే, అన్నారు. టీ తాగి వెళ్ళమన్నారు. తాగలేదు.

సెప్టెంబర్ 9

ఎవరితోనూ మాట్లాడను.

అక్టోబర్ 1

శ్రీరామ్మూర్తి రేపు బయల్దేరుతున్నాడు. చెప్పి వెళ్దామని వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, నీకో మాట సెప్పాల జయమణీ, అన్నాడు. సారు ఆ మేనేజర్‌తో మా నాన్న మాట ఎత్తనేలేదట. ఇంట్లో ఒప్పుకోరంటే మన పరువు పోద్దని, ఆ పిల్లకే ఇష్టం లేదు అన్నారట. మేనేజర్ నమ్మలేక, నిజమేనా అని మళ్ళీ అడిగాడట. నిజమే అన్నారట.

నువ్వక్కడే ఉన్నావా అన్నాను. ఉన్నానన్నాడు. మరి నువ్వేమన్నావు? నన్నెవులడిగినారు, అన్నాడు.

వాడి మొహం మీదే తలుపు వేశాను. వెనక్కి తిరిగితే నాన్న. అంతా విన్నాడు.

అక్టోబర్ 17

ఆటోనగర్‌లో గవర్రాజుగారి ఫ్యాబ్రికేషన్ షెడ్డు. డ్రాయింగులు గీసే మనిషి కావాలట. నాన్న తోడొచ్చాడు. గవర్రాజుగారు నావైపు చూడకుండా, ఈ ఇనప సామాను మద్దెన పని సెయ్యడం మీ పిల్లకి ఇష్టమేనా, అని నాన్ననడిగారు.

నాన్న నోరు తెరవలేదు. ఆయన మళ్ళీ అడిగారు. నాన్న గోడవైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు.

ఇష్టమే, అన్నాను.