కుడి కప్పుకు మూడు మార్కులు

బావగారికి మీ చెల్లెలి మొగుడు వ్రాయునది.

మా ఈవూ ఊరి టీ పరీక్షల సంఘానికి అధ్యక్షుడినీ, కార్యదర్శినీ, కప్పులు కడిగేవాడినీ అయిన నేను సమస్త లోకానికీ ప్రకటించునదేమనగా, మొన్న కున్‌మింగ్‌లో మీ ఇంట జరిగిన పరీక్ష ఫలితం రద్దయినది.

ముప్ఫయ్యేళ్ళ కిందట మామగారు ఒకేరోజు ఒత్తి, మీ అన్నదమ్ములకు చెరొకటి ఇచ్చిన, దాచేకొద్దీ రుచి పెరిగే పూఎర్ టీ బిళ్ళల పరీక్ష అది. ఎడమ కప్పు మీది, కుడిది మీ తమ్ముడు గ్వాంగ్‌షాన్‌ది అని చెప్పి పోశాను. ఎడమదానికి పదికి తొమ్మిది వేశారు. కుడిది ఒక్క గుక్క తాగి, "వంటింటి అటకెక్కించి నాన్న టీని నాశనం చేశాడయ్యా. ఒకటే పొగ కంపు," అని మూడు వేశారు. వాడి కొత్తింటి విందుకు రానని తేల్చేశారు. ఆ అటక గొడవతోనే పదకొండేళ్ళుగా వాడి గడప తొక్కలేదు మీరు.

నిన్న వాణ్ణి అడిగాను, "విందులో ఏ టీ పోస్తావురా?" అని.

"నాన్నదే. అన్నయ్య వచ్చి బిళ్ళకు చుట్టిన కాగితం విప్పితేనే. రాకపోతే అటక మీదే పడి ఉంటుంది బావా, ఇన్నేళ్ళూ ఉన్నట్టే," అన్నాడు.

కాగితమే విప్పని బిళ్ళ నుంచి కుడి కప్పు ఎలా వచ్చిందంటారా? అది వాడిదన్నది నా కల్పన. రెండు కప్పులూ మీ బీరువాలో ఉన్న బిళ్ళవే, ఒకే కూజాలోంచి పోశాను.