ఇద్దరి మెసేజీలకూ ఒకే గేటు

అయ్యా,

విషయం: ఇంటర్నెట్ నుంచి నా మొబైల్‌కు మెసేజీలు పంపుతున్న ఇద్దరిలో ఒకరిని మాత్రమే నిలుపుదల చేయుట గురించి.

తమ సంస్థ చందాదారును, గృహిణిని అయిన నేను మనవి చేసుకునేది ఏమనగా:

1. నాది బటన్ల ఫోను. అందులో ఇంటర్నెట్ లేదు. మా చెల్లెలికి పుట్టుకతో వినపడదు. ఆమె పనిచేసే మందుల ప్రయోగశాల ఆవరణలోకి ఫోన్లు రానివ్వరు; ఆమె ఉండే హాస్టలూ ఆ ఆవరణలోనే. అక్కడి కంప్యూటరులో ఆమె టైపు చేస్తే తమ సేవ ద్వారా నా ఫోనుకు మెసేజీగా వస్తుంది. నేను తిరిగి రాస్తే ఆమె తెర మీద పడుతుంది. మా ఇద్దరికీ ఉన్న దారి ఇదొక్కటే.

2. ఇలా వచ్చేవన్నీ తమ సంస్థ నంబరుతోనే కనిపిస్తాయి. ఎవరు పంపారో ఉండదు. నా జవాబు చివరగా రాసినవారికి చేరుతుంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వచ్చిన ప్రతి మెసేజీకీ "ముట్టింది" అని రాయడం, తేదీ వేసి నోటుబుక్కులో ఎక్కించడం నా అలవాటు. గత నెల నాలుగో తేదీన "ఈసారి వానకి కప్పు కారలేదు" అని వచ్చింది. హాస్టలు కప్పనుకుని "ముట్టింది. సంతోషం" అని రాశాను.

3. తొమ్మిదో తేదీన చెల్లెలికి "దగ్గు తగ్గిందా? వేన్నీళ్లే తాగు" అని పంపాను. "నాకు దగ్గని నీకెవరు చెప్పారమ్మా? ఆరేళ్ల తర్వాత నాన్న గుర్తొచ్చాడా?" అని వచ్చింది. అవతల వేరే మనిషి ఉన్నారనీ, నా నంబరు పూర్వం ఆయన కూతురిదనీ అప్పుడు గ్రహించాను.

4. నేను మీ అమ్మాయిని కాను, నంబరు మారింది అని మర్యాదగా మూడుసార్లు రాశాను. ఆయన జవాబు యథాతథంగా: "పక్కన ఎవరిచేతో రాయిస్తున్నావు కదూ. పోనీలే, ఆవిడకి నా నమస్కారం చెప్పు. నా దగ్గు సంగతి నీకు కాక ఎవరికి తెలుసు?" ఫోను చేయమని కోరాను. "నీ గొంతు వింటే తట్టుకోలేను. రాస్తూ ఉండు, చాలు" అన్నారు.

5. తమ కార్యాలయానికి రెండుసార్లు వచ్చాను. కౌంటరులోని అబ్బాయి, "ఆపమని ఒక్క మెసేజీ కొట్టండమ్మా, అయిపోతుంది" అన్నాడు.

"అప్పుడు మా చెల్లెలివీ ఆగుతాయి కదా నాయనా?"

"ఇంటర్నెట్‌వన్నీ ఒకే గేటమ్మా. మూస్తే అందరికీ మూసినట్టే. ఆయన ఒక్కడివే ఆపాలంటే ఆయనే తన జాబితాలోంచి మీ నంబరు తీసేసుకోవాలి. లేదా ఈ నంబరు పాత ఓనరు వచ్చి సంతకం పెట్టాలి."

"ఆవిడ ఎక్కడుందో తెలిస్తే ఆయన నాకెందుకు రాస్తాడయ్యా!"

"అది నన్నడిగితే ఎలాగండీ?" అని పక్కవాళ్ల కాగితం అందుకున్నాడు.

6. మా వారు "జవాబివ్వకుండా ఊరుకోవే, ఆయనే మానేస్తాడు" అన్నారు. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు ఇలా వచ్చింది: "ఊపిరితిత్తికి ఆపరేషన్ చేయాలంటున్నారు. నువ్వు చేయించుకోమంటేనే సంతకం పెడతాను. గురువారం దాకా గడువు." చేయించుకోమంటే కూతురిననే అబద్ధం ఒప్పుకున్నట్టు. ఊరుకుంటే ఏమవుతుందో తమకు వేరే చెప్పనక్కర్లేదు. రెండు రోజులుగా పొయ్యి మీద ఏం పెట్టానో కూడా నాకు గుర్తుండటం లేదు.

కావున ఆయన లంకెను మాత్రమే తెంచి, నంబరు మారిన సంగతి తమ సంస్థ పేరున గురువారంలోగా ఆయనకు తెలియజేయగలందులకు, ఇందలి కష్టం తమ సొంత ఇంటిదిగా భావించి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(పై నంబరు ప్రస్తుత చందాదారు)

తా.క.: కవరు అంటించేలోపు మళ్లీ వచ్చింది. "రేపే గురువారం అమ్మా" అని మాత్రం ఉంది. "చేయించుకోండి నాన్నా" అని రాసి పంపేశాను. కనుక పై మనవిని పక్కన పెట్టి, లంకె తెంచవద్దని ప్రార్థన. సంతకం పెట్టారట. కళ్లు తెరిచేసరికి నువ్వు మంచం పక్కన ఉంటావు కదా అని అడుగుతున్నారు. దీనికి ఏం రాయాలో తమ కార్యాలయంలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి, వెంటనే తెలుపగలరు.