అల్లుడుగారి గొంతు

అమ్మాయికి అనేక దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమే. అలవాటు కొద్దీ రాశానా మాట. ఉత్తరం పూర్తయ్యాక అందులో నిజమెంతో నువ్వే తేల్చుకో. నువ్వు సొరంగం తవ్విస్తున్న చోట ఆదివారం తప్ప ఫోన్ అందదు. అందాకా కడుపులో దాచుకునే ఓపిక లేక కాగితం ముందేసుకున్నాను.

నా మోకాళ్ల సంగతి అడిగావు. ఉన్నాయి. నీ కూతురి చదువు అడిగావు. బడికిచ్చిన సెలవుల్ని అది పుస్తకాలకీ ఇచ్చేసింది. ఇక మూడో ప్రశ్న: "ఆయన ఫోన్లో మాట్లాడకుండా మెసేజ్‌లతో ఎందుకు సరిపెడుతున్నారమ్మా? నా మీద కోపమా?" కోపం కాదే తల్లీ. చెబుతాను, కాస్త కూర్చుని చదువు.

మొన్న పొద్దున పంపులో నీళ్లు బురదలా వచ్చాయి. నీటి సరఫరా వాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. మీ ఆయన ఇన్నేళ్లుగా చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని ఊరందరి తిట్లూ తింటున్న ఆఫీసే కదా. అక్కడ అంతమంది ఉన్నా, ఈ మధ్య ఎప్పుడు చేసినా అల్లుడుగారే ఎత్తుతున్నారు. అత్తగారినని తెలిసి కూడా పేరూ, ఇంటి నంబరూ అడుగుతారు. ఆఫీసు నియమం కాబోలు, ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయేదాన్ని. భోజనాల దగ్గర "ఇవాళ భలే మాట్లాడారు బాబూ" అంటే తల కంచంలోకి దించుకునేవారు. వినయం అనుకున్నాను.

"నమస్కారమండీ. చెప్పండమ్మా, వింటున్నాను," అంది ఫోను. 'చెప్పండమ్మా'కి ముందు తీసుకునే ఆ చిన్న ఊపిరితో సహా ఆయనే. స్పీకర్ పెట్టి బురద గురించి వర్ణిస్తుండగా తలుపు తాళం తిరిగింది. ఆఫీసు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి, గొడుగు కోసం వెనక్కొచ్చిన మీ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీ ఇబ్బంది నాకు అర్థమైందమ్మా," అంటోంది నా చేతిలో ఫోను. గుమ్మంలో మనిషి పెదవులు మూసుకునే ఉన్నాయి.

నీ కూతురు ఫోన్‌నీ తండ్రినీ మార్చి మార్చి చూసి, "నాన్నా, నువ్విక్కడుంటే అక్కడెవరు?" అంది.

ఫోన్ పెట్టేయబోయాను.

"పెట్టేయకండి అత్తయ్యా," అన్నారు మీ ఆయన. "మధ్యలో పెట్టేస్తే ఫిర్యాదు నమోదు కాదు."

అలా ముగ్గురం నిలబడి ఆయన మాటల్ని ఆఖరిదాకా విన్నాం. ఆయనా విన్నారు, చొక్కా నుంచి నీళ్లు కారుతుండగా. "మా సేవ నచ్చితే ఐదు నొక్కండి," అంది ఆ గొంతు. నా వేలు ముందుకు వెళ్లలేదు.

పిల్లను గదిలోకి పంపి అడిగాను. "ఏమిటిది బాబూ?"

"నేనే. అంటే, నాది. ఎంత కోపంగా ఉన్నవాళ్లయినా నా గొంతు వింటే చల్లబడతారని, నన్ను గదిలో కూర్చోబెట్టి నెలల తరబడి మాట్లాడించారు. కొత్తవాళ్లకి నేర్పడానికి అన్నారు. కొత్తవాళ్లు వస్తారనుకున్నాను అత్తయ్యా. మనుషులు."

వచ్చింది ఈ యంత్రం. పోయిన నెలలో ఆ హాలు మొత్తం ఖాళీ చేయించారట, ఈయనతో సహా. గొడుగు పట్టుకుని రోజూ వెళుతున్నది రైల్వే స్టేషన్ బెంచీ మీదికి. తోటివాళ్లు ఎదురుపడితే, "నీ నోటితోనే మా నోటి దగ్గర కూడు లాగేశావు కదయ్యా" అంటున్నారట. నోరు విప్పితే దానిలాగే వినిపిస్తోందట ఆయనకి. అందుకే నీతో మాట్లాడటం లేదు. నీకు రాయొద్దని కూడా అన్నారు. రాయనని నేను మాటివ్వలేదు, "చూద్దాం" అన్నాను.

ఇంతవరకూ ఆయన సంగతి. ఇప్పుడు నాది. దీన్ని రాయడానికి రెండుసార్లు కలం మూసి తీశాను.

మనుషులుండాలా, యంత్రం చాలా అని తేల్చడానికి మూడు నెలలు చూశారట, ఫోన్ చేసినవాళ్లు వేసే మార్కుల్ని బట్టి. ఆ మూడు నెలలూ మన అల్లుడే కదా అని చేసిన ప్రతిసారీ ఐదు నొక్కాను. నీళ్లు బాగా వచ్చిన రోజు కూడా చేశాను. మన అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగి, ప్రతి ఇంటి తలుపూ తట్టి, "మా అల్లుడండీ, ఐదు నొక్కండి, పదోన్నతి వస్తుంది" అని ఆడవాళ్లందరి చేతా నొక్కించాను. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఎంత బాగా రాసిన పిల్లకైనా ఒక మార్కు తగ్గించి వేసినదాన్ని, నా ఇంటి మనిషి బతుకు తీసేదానికి నిండా మార్కులు వేశాను.

ఆయనకి చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. తువ్వాలుతో తల తుడుచుకున్నారు.

"నేనూ చేశాను అత్తయ్యా, ఒకసారి. పైపు పగిలిందని అబద్ధం చెప్పాను. తిట్టాను కూడా. ఎంత ఓపికగా మాట్లాడిందో! తప్పు ఎక్కడ పట్టాలో తెలియలేదు." తువ్వాలు దండెం మీద ఆరేసి, "ఐదే నొక్కాను," అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, ఎవరూ ఏమీ అనలేదు.

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే ఆయన చేతికిస్తాను. ఓదార్చకు. ఓదార్పు మాటలన్నీ ఆయనే దానికి నేర్పారు. నా దగ్గర ఎందుకు దాచారని నిలదియ్యి. పోట్లాడు. అన్ని నెలలు ఆ గదిలో కూర్చోబెట్టి ఆయన చేత అన్నీ మాట్లాడించారు గానీ, ఒక్కసారి కూడా అరిపించలేదట. మీ ఆయన చేత అరిపించడంలో నీకున్న అనుభవం లోకంలో ఇంకెవరికీ లేదు. ఆయన గొంతు పెంచేదాకా ఫోన్ పెట్టకు. నేను పక్కగదిలో ఉండి వింటాను.

ఇట్లు,
నీ ఫోను కోసం కాచుకుని ఉండే
అమ్మ